గీతకి రెండు వేళ్ళ కింద

మొన్న కోత పండగనాడు మా చర్చి ఆవరణలో ఒక గాజు సీసాని బల్ల మీద పెట్టినప్పుడు వచ్చిన చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది. పెద్ద శబ్దమేమీ కాదు. సీసాలో చింతపిక్కలు. అడుగు బల్లకి తగలగానే అవి ఒకదాని సందులోకి ఒకటి జరుగుతూ గరగరమని కిందికి సర్దుకున్నాయి. ఆ సీసాలో ఎన్ని పిక్కలున్నాయో పిల్లల చేత చెప్పించడం మా దగ్గర ఏటా ఉన్న అలవాటు. ఎవరి అంకె దగ్గరగా ఉంటే వాళ్ళకి కానుకల గంపలోంచి ఒక గుమ్మడికాయ ఇస్తారు. సండేస్కూలు టీచరు సునీత పిక్కల్ని ఇంట్లోనే లెక్కపెట్టి పోసి, ఎంతవరకు నిండాయో అక్కడ సీసా చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి, గాజువాక నుంచి షేర్ ఆటోలో తెచ్చింది. దారిపొడవునా సీసాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది దీవెన అనే పదేళ్ళ పిల్ల. ఇప్పుడు చూస్తే పిక్కలు రిబ్బనుకి రెండు వేళ్ళ కింద ఉన్నాయి.

"ఎవలో తీసీసినారు టీచర్!" అంది ఒక పిల్ల. అందరి చూపులూ దీవెన గౌను జేబుల మీదికి వెళ్ళాయి. ఆ పిల్ల రెండు చేతులతో జేబులు మూసేసుకుంది. నేను ముందు వరుసలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. పద్దెనిమిదేళ్ళ కిందట ఇలాగే ఒక గీత, ఆ గీతకి రెండు వేళ్ళ కింద సరుకు, ఒక మనిషి మీదికి వెళ్ళిన చూపులు చూశాను. ఆరోజు కూడా నేను ముందు వరుసలోనే నిలబడి ఉన్నాను.

ఆ రోజు గురించి చెప్పాలంటే ముందు సత్యానందం గారి గురించి చెప్పాలి. గాజువాక ఆటోనగర్లో నేను మొట్టమొదట ఉద్యోగానికి కుదిరిన ఇనప సామాన్ల షెడ్డులో ఆయన స్టోర్స్ ఇన్‌ఛార్జి. కృష్ణా జిల్లా మనిషి. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో ఎవరో కాంట్రాక్టరు వెంట వచ్చి, ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తుందని కొన్నేళ్ళు ఎదురుచూసి, అది రాక, వెనక్కి వెళ్ళడానికి మొహం చెల్లక ఇక్కడే ఉండిపోయారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు. ఎంత ఉక్కపోసినా చొక్కా పై గుండీ పెట్టుకునే ఉండేవారు. ఆయన్ని చూడటానికి పోర్టు నుంచి, ప్లాంటు నుంచి పెద్ద ఇంజనీర్లు సైతం మా షెడ్డుకి వచ్చేవారంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. ఎందుకంటే ఆయన బోల్టుల పీపాలోకి ఒకసారి తొంగిచూసి అందులో ఎన్నున్నాయో చెప్పేవారు. ఆ ఇంజనీర్లు పందెం వేసుకుని లెక్కపెట్టించేవారు. తేడా వస్తే ఓ గుప్పెడు వచ్చేది. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. పని పాడవుతోందన్నట్టు మొహం పెట్టేవారు గానీ, లోపల సంతోషంగానే ఉండేదని నాకు తరవాత తెలిసింది.

నేను చేరిన మొదటి రోజున ఒక రేకు డబ్బా నా ముందు పెట్టి, "ఇందులో రివెట్లు ఎన్నున్నాయమ్మా ఎస్తేరూ?" అన్నారు. డిగ్రీ చదివానన్న పొగరు నాకు కొంచెం ఉండేది. "చాలా ఉన్నాయి సార్" అన్నాను. "చాలా అనేది అంకె కాదు" అన్నారు. ఆ డబ్బా ముందు నన్ను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. అడుగున పరుచుకున్నవి ఎన్నో చూడాలి, వాటి మీద ఎన్ని వరసలు పడతాయో చూడాలి, ఆ వచ్చిన దాంట్లోంచి సందుల్ని తీసెయ్యాలి. "అందరూ సందుల దగ్గరే తప్పుతారు. సరుకుని ఎవడైనా చూస్తాడు. ఖాళీని కూడా లెక్కపెట్టడం రావాలి నీకు" అన్నారు. నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాను. తలూపే గుణం నాలో అప్పటికే బాగా ముదిరిపోయి ఉంది, దాని సంగతి ముందు ముందు చెబుతాను.

స్టోర్సులో మేం ముగ్గురం. సత్యానందం గారు, నేను, అప్పలరాజు బాబాయి. బాబాయి సరుకు దించేవాడు, పోసేవాడు, ఊడ్చేవాడు, పొద్దున్నే తాళం తీసేవాడు. యాభై ఏళ్ళుంటాయి. రోజూ పని మొదలెట్టే ముందు సత్యానందం గారు ఏదో ఒక డబ్బా చూపించేవారు. ముగ్గురం ఎవరి అంకె వాళ్ళు చిట్టీ మీద రాసి, మడిచి, ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. ఆ తరవాతే లెక్క. బాబాయికి రాయడం రాదు కాబట్టి నా చెవిలో చెప్పేవాడు, నేను రాసేదాన్ని. బాబాయి ఎప్పుడూ ఒకటే అంకె చెప్పేవాడు. "నాకేటి తెలుసు పాపా? వెయ్యిన్నూటపదార్లు రాసీ. మంచి అంకి." మేకులైనా అంతే, వాషర్లైనా అంతే. ఒకరోజు నిజంగానే వెయ్యీ నూట ఇరవై ఉన్నాయి. ఆ సాయంత్రం బాబాయి మా ఇద్దరికీ జీళ్ళు కొనిపెట్టాడు. "సూసినారా బాబూ, మీ కన్ను నాకూ వొచ్చీసినాది" అని షెడ్డంతా చెప్పుకున్నాడు. సత్యానందం గారు పగలబడి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చిట్టీల విషయంలో ఆయనకి ఒక పట్టు ఉండేది. ఒకసారి ఆయన అంకె ముందే కంటపడితే నా చిట్టీలో ఐదుని ఏడుగా దిద్దబోయాను. నా చేతిలోంచి పెన్ను తీసేసుకున్నారు. "రాసింది దిద్దకు. తప్పైతే తప్పుగానే ఉండనీ. నీ తప్పు నువ్వు చూసుకుంటేనే నీకు కన్ను వస్తుంది. పక్కవాడి అంకె చూసి దిద్దుకున్నావంటే ఇంకెప్పటికీ రాదు" అన్నారు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే మరిచిపోయేదాన్నేమో.

పీపాలు నింపేటప్పుడు కూడా ఆయనకి ఒక పద్ధతి ఉండేది. సరుకు పోశాక గోడకి వేలాడే చెక్కసుత్తితో పీపా చుట్టూ దబదబా కొట్టించేవారు. లోపలివి కదిలి, కిందికి దిగి, ఇక దిగనని మొండికేశాక అప్పుడు సరుకు ఉన్న మట్టానికి పీపా లోపల సుద్దతో గీత గీయించేవారు. ఒకరోజు సాయంత్రం బస్సు కోసం ఇద్దరం నిలబడి ఉన్నాం. వచ్చిన బస్సులో కాలు పెట్టే చోటు లేదు. "ఇందులో ఎంతమంది పడతారు?" అని అడిగారు. యాభై అన్నాను. "అది బయల్దేరేటప్పటి లెక్క. రెండు గోతులు దాటనీ, ఇంకో ఇరవై మంది పడతారు. కుదుపుకి మనుషులూ సర్దుకుంటారు" అన్నారు. అంత తెలిసిన మనిషి. అందుకే ఆ తరవాత జరిగినది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ ఏడు ఎండాకాలంలో మేనల్లుడి పెళ్ళికని ఆయన నాలుగు రోజులు ఊరెళ్ళారు. ఆయన లేనప్పుడే పోర్టులో ఓడల మరమ్మతు పనికి ఇవ్వాల్సిన ఇత్తడి నట్లు వచ్చాయి. ఏడు వేలు. సంచులు విప్పి బాబాయి మోకాలెత్తు పీపాలో పోశాడు. నేను వంగి సుద్దగీత గీశాను. బయట ఇంకో లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. "కొట్టీమంతావా పాపా?" అని బాబాయి చెక్కసుత్తి అందుకున్నాడు. "తరవాత చూద్దాంలే బాబాయ్, ముందు ఆ లారీ చూడు" అన్నాను. తరవాత చూడలేదు. మరిచిపోయాను. నేను చేసిన మొదటి తప్పు అదే, అది తప్పని కూడా అప్పటికి నాకు తెలియదు. ఆ మర్నాడే మా గోడకి అవతల కొత్త పంచింగ్ మిషను బిగించారు. దాని దెబ్బ పడ్డప్పుడల్లా మా బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికేవి.

సత్యానందం గారు వచ్చిన రోజున పీపా మూత తీసి, గీత చూసి, అలాగే వంగి ఉండిపోయారు. నట్లు గీతకి రెండు వేళ్ళ కింద ఉన్నాయి. ఆయన రెండు వేళ్ళు పీపా లోపలి గోడకి ఆనించి, ఆ ఖాళీ ఎంతో, అందులో ఎన్ని పడతాయో పెదవులు కదుపుతూ లెక్క కట్టుకున్నారు. "ఐదువందల యాభై" అన్నారు, తనలో తను. ఇత్తడి సామాను పాత ఇనప కొట్లవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుంటారు. ఎవరి పేరూ ఆయన ఎత్తలేదు. కానీ తాళంచెవి ఉన్నది ఆయన దగ్గరా, బాబాయి దగ్గరా. ఆయన ఊళ్ళో లేరు. ఈలోగా మేనేజరు వచ్చాడు. కాటా మీద పెట్టి తూద్దామంటే అది తూనికల ఆఫీసులో ముద్ర వేయించడానికి వెళ్ళి ఉంది. "చిట్టీలు వెయ్యండి" అన్నారు సత్యానందం గారు, ఏ రోజులాగానో.

నేను పీపాలోకి చూశాను. ఆయన నేర్పినట్టే చూశాను. అడుగు ఎంత, వరసలు ఎన్ని, సందులు ఎంత. ఎలా కట్టినా ఏడు వేలకి దగ్గరే వస్తోంది. ఏమీ తగ్గలేదు. ఏడు వేలు అని రాశాను. రాస్తుండగానే గోడకి వేలాడుతున్న చెక్కసుత్తి కనబడింది, మిషను అదురుకి నట్లే కిందికి సర్దుకున్నాయని అర్థమైపోయింది. ఈ చిట్టీ వేస్తే, గీత ఎప్పుడు గీశావని అడుగుతారు. కొట్టకుండా గీశానని చెప్పాలి. ఆయన కన్ను తప్పని ఆయన ముందూ, మేనేజరు ముందూ చెప్పాలి. చిట్టీ నాలుగు ముక్కలు చేసి బల్ల కింద బుట్టలో పడేసి, ఇంకోటి తీసుకుని ఆరువేల నాలుగువందల యాభై అని రాశాను. ఆయన అంకె అది. బాబాయి నా పక్కకి వచ్చాడు. ఆ రోజు వెయ్యిన్నూటపదార్లు అనలేదు. "లెక్కెట్టమని రాయి పాపా" అన్నాడు నా చెవిలో. రాశాను.

మేనేజరు మూడు చిట్టీలూ విప్పాడు. "చూశారా, ఆ అమ్మాయి అంకె కూడా అంతే వచ్చింది" అన్నాడు. బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాను తియ్యలేదు బాబూ. కింద పోసి లెక్కెట్టండి. ఒక్క పూట పని. నానే లెక్కెడతాను, మీరు కూకోని సూడండి" అన్నాడు. "సత్యానందం గారి కన్ను పడ్డాక మళ్ళీ లెక్కేమిటయ్యా?" అన్నాడు మేనేజరు. సత్యానందం గారు పీపా మూత పెట్టేశారు. నేను తలూపకపోయినా ఊపినట్టే నిలబడ్డాను. మధ్యాహ్నానికి బాబాయిని పనిలోంచి తీసేశారు. వెళ్ళేటప్పుడు, ఎవరూ అడక్కుండానే, గేటు దగ్గర క్యారేజీ విప్పి గిన్నెలు ఒక్కొక్కటీ బోర్లించి చూపించాడు. ఒక గిన్నెలోంచి తినకుండా మిగిల్చుకున్న అన్నం నేలమీద పడింది.

పన్నెండు రోజుల తరవాత ఆ నట్లు పోర్టుకి పంపాలి. నూరేసి చొప్పున సంచుల్లో కట్టాం. అరవైనాలుగు సంచులయ్యాక కూడా పీపా అడుగున ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. డెబ్బయ్యో సంచి నిండింది. సత్యానందం గారు ఆ సంచి విప్పి మళ్ళీ లెక్కపెట్టారు. కట్టి, మళ్ళీ విప్పారు. మూడోసారి లెక్కపెడుతుంటే చొక్కా పై గుండీ తీసుకున్నారు. నాకు ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది.

మర్నాడు సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని పరవాడ వెళ్ళారు. బాబాయి అక్కడ కరెంటు ప్లాంటు బూడిద ఎత్తే కూలి పనిలో చేరాడని ఎవరో చెప్పారు. రేకుల గది ముందు ఎండలో నిలబడ్డాం. బాబాయి కనురెప్పల మీద కూడా బూడిద ఉంది. ఆయన భార్య మాకు ముక్కాలిపీటలు వేసింది గానీ పలకరించలేదు.

"ఏడు వేలూ ఉన్నాయి అప్పలరాజూ. తప్పు నాది. మేనేజరుతో మాట్లాడాను. పనిలోకి రా" అన్నారు సత్యానందం గారు.

"రాను బాబూ."

"నేను అందరి ముందూ చెబుతాను."

"ఏటి సెప్తారు? సత్తేనందం గారు జాలిపడి మళ్ళీ ఎట్టుకున్నారంతారు. దొంగ కాడని ఎవలూ అనరు. మా ఈదిలో పిల్లలు నన్ను ఇత్తడోడని పిలిసేవోరు. అందుకే ఇక్కడికి వొచ్చీసినాను." రెప్పల మీది బూడిద తుడుచుకున్నాడు. "నాను లెక్కెట్టమన్నాను గదా బాబూ. ఒక్క పూట పనే గదా." ఆ మాటలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. జవాబు నా దగ్గర ఉంది, నేను పీట అంచు పట్టుకుని కూర్చున్నాను.

ఆ తరవాత ఆయన మళ్ళీ ఎప్పుడూ అంకె చెప్పలేదు. చిట్టీల డబ్బా కనబడకుండా పోయింది. ప్రతి సంచీ కింద పోసి, ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ లెక్కపెట్టేవారు. లారీలు గేటు బయట బారులు తీరేవి. కుర్రాళ్ళు వెనక నవ్వేవారు, మేనేజరు మొహం మీదే విసుక్కునేవాడు. పోర్టు నుంచి ఎవరో పెద్దాయన వచ్చి పీపా చూపించి, "ఎన్ని సార్?" అంటే, "లెక్కపెడితే తెలుస్తుందండీ" అన్నారు. రెండేళ్ళు అలా నెట్టుకొచ్చి, మానుకుని వెళ్ళిపోయారు. ఆయన కుర్చీ నాకు ఇచ్చారు. నేను తీసుకున్నాను.

ఆఖరిసారి చూసింది ఉక్కునగరంలో, ఆయన కొడుకు క్వార్టర్లో. కొడుకు డ్యూటీకి వెళ్ళాడు. కోడలు టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. మంచం మీద ఆయన మరీ చిన్నగా కనబడ్డారు. ఇక ఆగలేకపోయాను. కొట్టకుండా గీత గీసింది నేనేనని, చిట్టీ చింపేశానని, మొదట ఏడు వేలని రాశానని ఏడుస్తూ చెప్పేశాను. ఇన్నేళ్ళ బరువు దిగుతుందనుకున్నాను.

"తెలుసు" అన్నారు ఆయన.

దిండు పక్కనున్న బిస్కెట్ల డబ్బా నా వైపు జరిపారు. అందులో ఆ రోజు వేసిన మూడు చిట్టీలతో పాటు నేను చింపినదీ ఉంది. దాని నాలుగు ముక్కలూ జిగురు పెట్టి అట్టకి అతికించి ఉన్నాయి. "అప్పలరాజుని తీసేసిన రోజు సాయంత్రమే బుట్టలో దొరికాయి. అతికించి చదివాను. మర్నాడు పొద్దున్న లెక్కపెట్టించి ఉంటే అతన్ని ఇంటికెళ్ళి పిలుచుకొచ్చేవాళ్ళం. ఊళ్ళో ఎవరికీ తెలిసేది కాదు" అన్నారు.

"మరి ఎందుకు లెక్కపెట్టించలేదు సార్?"

"నీకింకా కన్ను రాలేదనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. నువ్వు పీపాలో ఉన్నవి చూశావమ్మా. నేను లేనివి చూశాను." మళ్ళీ ఆయనే, "అప్పలరాజు కోసం ఏటా పరవాడ వెళ్ళాను. ఆ రేకుల గదిలో వేరేవాళ్ళున్నారు" అన్నారు. డబ్బా నన్ను ఉంచుకోమన్నారు. ఆ నెలలోనే పోయారు. ఆయన్ని నేను క్షమించానో లేదో నాకు తెలియదు. నన్ను క్షమించాల్సిన మనిషి ఎక్కడున్నాడో కూడా తెలియదు.

మొన్న చర్చిలో దీవెన జేబులు మూసుకుని నిలబడి ఉంటే ఇదంతా నా కళ్ళ ముందు తిరిగింది. సునీత నా దగ్గరికి వచ్చి మెల్లగా, "లెక్కెట్టే పోసానక్కా, ఎనిమిదొందల నలభై. పోన్లే, గొడవెందుకు, పిల్లని ఏటీ అనొద్దులే" అంది. మంచి మనసుతోనే అంది. నేను లేచి, చాప తెప్పించి, సీసాని బోర్లించాను. "ఆటోలో కుదుపుకి దిగిపోనాయి. ఎవలూ తియ్యలేదు. కూకోండి, అందరం లెక్కెడదాం" అన్నాను. నా నోట మా ఇంటి భాష వచ్చింది. పిల్లలు పదేసి చొప్పున కుప్పలు పెట్టారు. మొదట పోటీపడ్డారు, తరవాత విసుగుపడ్డారు, కొందరు లేచి గుమ్మడికాయ దగ్గరికి పోయారు. దీవెన మాత్రం జేబుల మీంచి చేతులు తీసి, ఆఖరి కుప్ప దాకా కదలకుండా కూర్చుంది. ఎనభైనాలుగు కుప్పలు. ఆఖరి కుప్పని ఆ పిల్ల రెండోసారి లెక్కపెట్టుకుని, నా మొహంలోకి చూసి, ఆడుకోవడానికి పరుగెత్తింది.

చాప మీద చింతపిక్కలు ఏరుకుంటూ తలుపులోంచి చర్చి గోడ గడియారం చూశాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఏడు వేల నట్లకైతే అప్పలరాజు బాబాయి చెప్పినట్టు ఒక పూట పట్టి ఉండేది.